బరువున్న బండికి దారి

మా లైనుకు ఒక్కటే చట్టం ఉండేది. ఎదురెదురుగా రెండు బళ్ళు వస్తే, బరువు తక్కువున్న బండి దిగాలి.

బండి అంటే పెద్దదేం కాదు. రెండు ఇరుసులు, వాటి మీద వెదురు తడక, వెనకాల నీళ్ళ పంపు ఇంజను, ఆపడానికి ఒక కర్ర. నోరీ అంటాం. అసలు రైలు చచ్చిపోయాక మా ఊళ్ళను మోసింది అదే. ఉన్నది ఒక్క జత పట్టాలు. ఎదురుపడితే తేలిక బండి జనం కిందికి దూకాలి. తడక ఎత్తి పక్కన పెట్టాలి, ఇరుసులు ఎత్తి పక్కన పెట్టాలి, బరువు బండి పోయాక మళ్ళీ పేర్చుకోవాలి. వడ్ల బస్తాల బండికి మనుషుల బండి దిగుతుంది. నలుగురున్న బండికి ఇద్దరున్న బండి దిగుతుంది. ఎవరిది బరువు అన్న దాని మీద తగువులొచ్చేవి గాని, చట్టం మీద ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు వానలకు ముందు, నా భార్య మాలిస్‌కు కడుపు కాస్త కనబడుతున్న రోజుల్లో, పట్నం సంత నుంచి వస్తూ న్యెమ్ తాత బండికి ఎదురుపడ్డాం. ఆయన బండిలో ముగ్గురు. మా బండిలో నేనూ మాలిస్, ఒక బుట్ట చేపలు.

"దిగరా ఛుమ్" అన్నాడు తాత, కర్ర అదిమి.

నేను లేవబోయాను. మాలిస్ లేవలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, "మేమూ ముగ్గురమే తాతా. పైన చేపల బుట్ట. నువ్వే దిగు" అంది.

"కడుపులో ఉన్నదానికి కూడా లెక్కేనా?"

"ఎందుకు కాదు? బరువు లేకుండానే నా కాళ్ళు వాచిపోతున్నాయా?"

తాత బండిలో ఆడవాళ్ళు నవ్వారు. "మోసేవాళ్ళకి తెలుస్తుంది తాతా, నీకేం తెలుసు! దిగు దిగు" అన్నారు.

"మా అయ్య కాలం నుంచీ చూస్తున్నా" అంటూ దిగాడు తాత. "బరువు చూడకుండా దారిచ్చేది ఒక్క పాడెకే. ఇప్పుడు నీకూ ఇవ్వాల్సి వచ్చింది."

"నీ నోట్లో పుండు పుట్ట!" అని మాలిస్ బుట్టలోంచి ఒక చేప తీసి ఆయన మీదికి విసిరింది. తాత దాన్ని గాల్లోనే పట్టుకుని తువ్వాల్లో మూట కట్టాడు. "దిగినందుకు సుంకం" అన్నాడు.

ఆ మాట ఊరంతా పాకింది. ఆ తర్వాత మాకు ఎవరు ఎదురైనా, "మాలిస్ ఇద్దరి కింద లెక్క" అని వాళ్ళే దిగేవాళ్ళు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. లోపల మాత్రం మా ఇద్దరికీ భయమే. అంతకు ముందు రెండు కాన్పులు ఇంట్లోనే అయ్యాయి. రెండూ దక్కలేదు. రెండోసారి మాలిస్ కూడా పోవాల్సింది. మంత్రసాని చేతులు కడుక్కుంటూ నాతో ఒకే మాట చెప్పింది. "ఈసారి నన్ను పిలవకు. పట్నం ఆస్పత్రికి తీసుకుపో."

కాన్పు పితరుల పండుగ నాటికి అన్నారు. అంటే వానలు బాగా ముదిరాక. అప్పటికి మా చుట్టూ చేలన్నీ ఒకటే నీరు. రైలు కట్ట ఒక్కటే పైకి ఉంటుంది. కట్ట మీద నడిచి పోదామన్నా, వాగుల దగ్గర రెండు పట్టాలు తప్ప కాలు పెట్టడానికి ఏమీ ఉండదు. పట్నం పోవాలంటే పట్టాలే దారి.

సరిగ్గా ఆ నెలలోనే ఒక గుత్తేదారు కాగితం పట్టుకుని దిగాడు. లైను అమ్ముడుపోయిందట. ఎవరమ్మారో, ఎవరినడిగి అమ్మారో కాగితంలో లేదు. ఉన్నా మాకు చదివి వినిపించలేదు. పట్టాలు ముక్కలుగా కోసి తుక్కు ఇనుము కింద తీసుకుపోతారు. పట్నం వైపు కొస నుంచి కోసుకుంటూ మా వైపు వస్తారు. కోసిన ఇనుము బళ్ళ మీద మా ఊరి మీదుగా రెండో కొసన ఉన్న రేవుకు పోతుంది. నది నిండితే గాని అక్కడికి పెద్ద పడవలు రావు. అందుకే పని వానల్లో పెట్టుకున్నారు.

మా నాన్న తండ్రి ఈ లైనుకు దుంగలు మోశాడు, ఫ్రెంచివాడి కొరడా కింద. నల్లబట్టల వాళ్ళు రాజ్యమేలిన రోజుల్లో దీని మీదే పట్నం జనాన్ని చేలకు తోలారు. తిరిగి తీసుకురాలేదు. తర్వాత యుద్ధంలో, రైలింజను ముందు ఖాళీ పెట్టె ఒకటి తోసుకుంటూ పోయేవాళ్ళు, పట్టాల కింద మందుపాతర ఉంటే అది ముందు పేలాలని. ఆ పెట్టెలో ఎక్కితే టికెట్టు లేదు. మాలిస్ మా ఊరికి వచ్చింది ఆ పెట్టెలోనే. అప్పటికి దానికి అమ్మానాన్నలు లేరు. వెంట పసి తమ్ముడున్నాడు. పేలితే ముందు తన కాళ్ళు పోవాలని వాణ్ణి కాళ్ళ మీద కాకుండా గుండెకు కట్టుకుని కూర్చుందట.

ఆ తమ్ముడి పేరు సంబత్. పట్టాలు పీకే పనిలో మొదటి రోజే చేరినవాడు వాడే.

కొత్త బూట్లు తొడుక్కుని భోజనానికి వచ్చాడు. మాలిస్ ఉప్పుచేపా, పుల్ల చారూ వండింది.

"చూడు నా తమ్ముడు, దొరలాగున్నాడు" అంది నాతో.

"బూట్లు బయట విప్పమను" అన్నాను.

వాడు విప్పి వచ్చి కూర్చున్నాడు. తినడం మొదలుపెట్టాక అడిగాను. "పట్టాలన్నీ పీకేస్తే మీ అక్క ఏ దారిన పోతుందిరా ఆస్పత్రికి?"

"పండక్కి మేం ఇంత దూరం రాం బావా. పట్నం దగ్గర ముక్కే పోతుంది. అక్కడ రోడ్డు మెరక. పట్టాలు అయిపోయిన చోట దిగి మోటారు రిక్షా ఎక్కడమే."

"నువ్వు పీకకపోతే ఇంకొకడు పీకుతాడు. ఆ మాట ఇంకా అనలేదేం?"

"నువ్వనేశావుగా. నాకెందుకు శ్రమ!"

మాలిస్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"మరి ఆ ఇనుప బళ్ళు మాకు ఎదురైతే?" అని అది అడిగింది. అడిగింది నేను కాదు, అది.

వాడు ముద్ద మింగి, "నువ్వు వచ్చే రోజు ఒక మాట చెప్పక్కా. ఆ పూట బళ్ళు ఆపిస్తా. మేస్త్రీ నా మాట వింటాడు" అన్నాడు.

మేస్త్రీ వీడి మాట వినడం నేనెప్పుడూ చూడలేదు. వీడు వాడికి గొడుగు పట్టడం చూశాను. మాలిస్ మాత్రం నమ్మింది. చేప తలకాయ తీసి వాడి కంచంలో వేసింది.

వానలు పట్టాయి. చేలు మునిగాయి. ఇనుప బళ్ళు మొదలయ్యాయి.

ఇరుసులు గట్టివి, తడక బదులు దూలాలు, మీద కోసిన పట్టాల ముక్కలు, ఆ మీద ఏడెనిమిది మంది కూలీలు. ఒక దాని వెనక ఒకటి పట్నం వైపు నుంచి వచ్చేవి. పట్నం పోయే ప్రతి నోరీకి అవి ఎదురే. ఇనుముకు మించిన బరువు మా దగ్గర ఏముంటుంది? వడ్లు దిగాయి. పందులు దిగాయి. సంతకు పోయే ఆడవాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని కట్ట వాలులో బురదలో నిలబడేవాళ్ళు, ఒక బండి పోయాక ఇంకొకటి, అది పోయాక ఇంకొకటి. ఇనుప బండి వాళ్ళు దిగి చెయ్యి వేసేవాళ్ళు కూడా కాదు.

ఒక రోజు న్యెమ్ తాత దిగలేదు. కర్ర అదిమి, బండి మధ్యలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. వెనక బండిలో నేనున్నాను. మేస్త్రీ గొడుగు కింద నుంచి దిగి వచ్చాడు. చిన్న వయసువాడే. గట్టిగా మాట్లాడే రకం కాదు.

"ఏం తాతా, ఇంజను చెడిందా?"

"ఇంజను బాగానే ఉంది. నాకే మనసు చెడింది."

"నీ బండిలో ఎంత బరువుంది?"

తాత కర్ర ఇంకా గట్టిగా అదిమాడు.

"ఈ చట్టం నేను పెట్టింది కాదు తాతా. నేను వచ్చే ముందు మీవాళ్ళే చెప్పారు, ఇక్కడ ఇలా అని. మంచి చట్టం. నేను పాటిస్తున్నా. మీరే కాదంటే ఎలా?"

తాత కర్ర వదిలాడు. తర్వాత లేచాడు. తడక ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను. ఎత్తి పక్కన పెట్టాం. అంతకన్నా ఏం చెయ్యగలమో నాకు ఇప్పటికీ తెలియదు. తిట్టడానికి కూడా మాట లేదు. ఆ చట్టం మా మాటే.

వారానికి కొంచెం చొప్పున పట్టాల కొస మాకు దగ్గరవుతూ వచ్చింది. మాలిస్ పొట్ట పెరుగుతూ వచ్చింది. అది మెట్ల మీద కూర్చుని రెంటినీ కలిపి చూసుకునేది. "నేనే ముందు చేరతాలే" అనేది.

పితరుల పండుగకు ఇంకా రెండు వారాలుంది. అన్నం గిన్నె దించబోయి మాలిస్ అలాగే కూలబడింది. పొద్దున్నే. నొప్పులు కాదు. ముందు నెత్తురు.

సంబత్‌కు కబురు పెట్టే దారి లేదు. వాడు పట్నం కొసన ఉన్నాడు. న్యెమ్ తాత తన బండి వదిలేసి నా బండి ఇంజను తిప్పాడు. తడక మీద చాప, చాప మీద మాలిస్, దాని మీద పట్టా గుడ్డ. వాన పడుతూనే ఉంది. తాత ఇంజను దగ్గర కూర్చున్నాడు. నేను దాని తల ఒళ్ళో పెట్టుకున్నాను.

మొదట ఒక నోరీ ఎదురైంది. నిండా జనం. మాలిస్‌ను చూసి వాళ్ళే దూకేశారు. "పొండి పొండి, ఇద్దరి కింద లెక్క" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఇనుప బండి వచ్చింది. ఊరు తెలియని కూలీలు. తాత లేచి నిలబడి తువ్వాలు ఊపి అరిచాడు. "కాన్పు మనిషి! కాన్పు మనిషి!" వాళ్ళు ఆపారు. బండి మీది వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు, "మీదే తేలిక కదా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా. మాలిస్‌ను చాపతో సహా ఎత్తి కట్ట వాలులో గడ్డి మీద పడుకోబెట్టాం. ఎత్తేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి అది కేక వేసింది. బండి పోయింది. మళ్ళీ పేర్చాం. మళ్ళీ ఎత్తాం. చాప ఒక పక్క ఎర్రగా అయింది.

రెండో ఇనుప బండి వాగు వంతెన దాటాక కనబడింది. ముందు కూర్చున్నది సంబత్.

వాడు మమ్మల్ని చూశాడు. బండి ఆగక ముందే దూకి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా! పండక్కి కదా అన్నారు?"

"అది నీ మేనల్లుణ్ణి అడుగు" అంది మాలిస్. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"దింపించరా" అన్నాను. "ఇనుము పక్కకు తోయించు. ఏడుగురున్నారు."

వాడు వెనక్కి చూశాడు. దూరంగా ఇంకో ఇనుప బండి వస్తోంది. దాని మీద గొడుగు.

"బావా, ఇది వాలు. ఇక్కడ దింపితే మళ్ళీ ఎక్కించలేం. వెనక మేస్త్రీ..."

"దింపించరా."

"చెప్తాను బావా, ఆయనొచ్చాక చెప్తాను. ఒక్క నిమిషం..."

"నిన్ను ఎవరు గుండెకు కట్టుకుని తెచ్చార్రా ఈ ఊరికి?"

వాడు తల వంచాడు. కదల్లేదు. పైనున్న కూలీలు మా వంక చూసి, మేస్త్రీ గొడుగు వంక చూసి, ఊరుకున్నారు. తాత ఒక్కడే వెళ్ళి ఒక పట్టా ముక్కను లాగబోయాడు. అది కదల్లేదు. ముసలివాడు.

మాలిస్ నా చొక్కా పట్టుకుంది. "వాడి మీద అరవకు" అంది. "పని పోతుంది వాడికి. నన్ను దింపు."

"మాలిస్..."

"దింపు. గొడవకు పట్టే సేపట్లో దాటిపోవచ్చు."

దింపాం. సంబత్ తన వాన కోటు విప్పి దాని మీద కప్పాడు. బండి పోయింది. తడక ఎత్తబోతుంటే తాత అన్నాడు, "వెనకది కూడా వచ్చేస్తోందిరా. ఎక్కించి మళ్ళీ దింపితే పిల్ల తట్టుకోలేదు. అది కూడా పోనీ."

అందుకని ఆగాం. గడ్డిలో, వానలో, అది పోయేదాకా. బరువు బండి, వంతెన దగ్గర మెల్లగా వచ్చింది. మేస్త్రీ మమ్మల్ని దాటుతూ తల ఊపాడు, దారి ఇచ్చినందుకు.

"ఇద్దరి కింద లెక్క అన్నాను" అంది మాలిస్ కళ్ళు మూసుకుని. "ఇనుము ఒప్పుకోలేదు."

అది నాతో అన్న ఆఖరి మాట. ఆ తర్వాత మూలగడమే.

పట్టాలు అయిపోయిన చోట రిక్షా దొరికింది. ఆస్పత్రిలో వెంటనే లోపలికి తీసుకున్నారు. వాళ్ళ మీద నాకు చెప్పడానికేమీ లేదు. డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి, నా వంక చూడకుండా, ఎప్పుడు మొదలైందని అడిగింది. పొద్దున అన్నాను. దారిలో ఎంతసేపు అని అడిగింది. బిడ్డ బయటికి రాలేదు. మాలిస్ దీపాల వేళకు పోయింది. బిడ్డ దానిలోనే ఉండిపోయింది.

మర్నాడు తెల్లవారాక తెల్లగుడ్డలో చుట్టి పట్టాల కొసకు తెచ్చాను. న్యెమ్ తాత రాత్రంతా అక్కడే బండి దగ్గర కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. ఒక కర్రకు తెల్లగుడ్డ కట్టి బండి ముందు గుచ్చాడు. శవం బండికి అది గుర్తు. వాన తెరిపిచ్చింది. ఎదురొచ్చిన నోరీలన్నీ దూరం నుంచే దిగిపోయాయి. జనం వాలులో నిలబడి టోపీలు తీశారు. నేను ఒక్కొక్క బండికీ చేతులు జోడించాను. శవానికి దారి ఇచ్చినవాళ్ళకు ఇంటివాళ్ళు దణ్ణం పెట్టాలి. మా ఆచారం.

వాగు వంతెన ఇంకా రాకముందే, మా ముందు ఒక ఇనుప బండి కనబడింది. అదీ మేము పోయే వైపే పోతోంది, రేవుకు. ఎదురు కాదు. దానికి దిగాల్సిన పని లేదు. మేము దాని వెనకే మెల్లగా పోతే సరిపోయేది. నాకిక తొందరేముంది?

ఆఖర్న కూర్చున్న కూలీ వెనక్కి తిరిగి తెల్లగుడ్డ చూశాడు. "ఎవరు తాతా?" అని కేకేశాడు.

"మాలిస్" అన్నాడు తాత. "కడుపుతోనే."

కడుపులో బిడ్డతో పోయిన ఆడదాన్ని మించిన దయ్యం లేదని మా వైపు భయం. అలాంటి శవాన్ని వెనక పెట్టుకుని ఎవడూ పోడు. కర్ర కిర్రుమంది. బండి ఆగింది. అందరూ దూకారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ముక్కకు నలుగురు చేరి పట్టాలను వాలులోకి దొర్లించడం మొదలుపెట్టారు. నిన్నటి వాళ్ళే, రాత్రికి రేవు నుంచి తిరిగొచ్చి చీకటితోనే మళ్ళీ నింపుకున్నారు. మేస్త్రీ కూడా ఆ బండి మీదే ఉన్నాడు. గొడుగు పారేసి అందరికన్నా ముందు చెయ్యి వేసింది అతనే.

నిన్న మమ్మల్ని దింపిన ఆ వాలే. తాత చుట్ట ముట్టించాడు. అది సగం కాలక ముందే ఇనుమంతా కింద ఉంది. దూలాలు ఎత్తారు, ఇరుసులు ఎత్తారు. దారి ఖాళీ అయింది.

సంబత్ కూడా ఉన్నాడు, అందరితో పాటే మోశాడు. ఎవరికి దింపుతున్నాడో వాడికి ఆఖరి ముక్క పెట్టేదాకా తలకెక్కినట్టు లేదు. తర్వాత తుప్పంటిన చేతులతో అక్కడే నిలబడ్డాడు. "బావా" అన్నాడు.

"పోనీ తాతా" అన్నాను.

బండి వాళ్ళ పక్కగా కదిలింది. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు.

"దణ్ణం పెట్టరా" అన్నాడు తాత మెల్లగా.

నా చేతులు మాలిస్ పాదాల మీద ఉన్నాయి. తియ్యలేదు. ఆ రోజు తియ్యలేదు. తర్వాత మా ఊరి ముక్క కూడా కోసుకుపోయిన రోజు, సంబత్ వచ్చి నా మెట్ల కింద కూర్చున్నప్పుడూ చేతులు జోడించలేదు. ఏటా పితరుల పండక్కి వాడు దాని పేరున అన్నం ముద్దలు తెస్తాడు. తెచ్చి బౌద్ధ విహారం గోడ అవతల పెట్టి పోతాడు. నేను ఇవతల ఉంటాను.

వంతెన దాటుతుంటే వెనక నుంచి చప్పుడు మొదలైంది. ఇనుము మీద ఇనుము, ఒక్కో ముక్క. దింపితే మళ్ళీ ఎక్కించలేం అన్నాడు గదా సంబత్. ఊరు చేరేదాకా విన్నాను. ఎక్కుతూనే ఉంది.